చాందినీ పేరు మీద వెళ్ళిన రక్తం

"ఇదేనా చాందినీ?" అని యేసుపాదం అడిగినప్పుడు నూర్ మొహమ్మద్ నోటితో ఏ అబద్ధమూ ఆడలేదు. తల ఊపాడు, అంతే.

తర్వాత చాలా రోజులు ఆ తల ఊపడాన్నే తిప్పి తిప్పి చూసుకున్నాడు. నిజంగా ఊపాడా, మెడ మీద వాలిన ఈగ కోసం తల అట్లా కదిలిందా? ఎన్నిసార్లు చూసుకున్నా ఈగ కనిపించలేదు.

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన రేకుల కొట్టం. అందులో రెండు తెల్ల ఆడగుర్రాలు, రెండూ పెళ్ళికొడుకులను మోసేవే. వాకిలి దగ్గర, గాలి తగిలే చోట, ఐదేళ్ళ గుల్. లోపల, శనగపొట్టు బస్తాల పక్కన, పద్నాలుగేళ్ళ చాందినీ. పశువుల ఆస్పత్రి అసిస్టెంటు యేసుపాదం ఐసు డబ్బా భుజాన వేసుకుని వచ్చి, ముందు కనబడిన గుర్రం దగ్గరే ఆగిపోయాడు. సరిగ్గా అప్పుడే లోపల చాందినీ దగ్గింది. పొడి దగ్గు, రెండుసార్లు.

"అదేంది, అట్టా దగ్గుద్ది?" అన్నాడు యేసుపాదం, సూది విప్పుతూ.

"పొట్టు దుమ్ములే అన్నా."

యేసుపాదం గుల్ మెడ మీద బొటనవేలు నొక్కిపెట్టి, నరం ఉబ్బేదాకా ఆగాడు. స్పిరిట్ దూదితో తుడిచాడు. గుల్ చెవులు వెనక్కి వాల్చింది గాని కదల్లేదు. బ్యాండు మేళం మధ్య, టపాకాయల మధ్య కదలకుండా నిలబడటం నేర్చిన గుర్రం. గాజు గొట్టంలోకి నల్లటి ఎరుపు పాకింది.

"పద్నాలుగేళ్ళ గుర్రానికి చర్మం ఇంత నున్నగా ఉందేంది భాయ్? ఏం పెడుతున్నావో మాక్కూడా చెప్పరాదూ?"

"ఉలవలు. రేపటి నుంచి నువ్వూ రా, ఒక తొట్టి నీక్కూడా పెడతా."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుతో పని మరీ తేలికైపోయింది. యేసుపాదం గొట్టం మీద చీటీ అంటించి చాందినీ అని రాశాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని, "ఒంటి మీద మచ్చలేమన్నా?" అని అడిగాడు.

"లేవు."

ఇది కొత్త అబద్ధం కాదు. చాందినీ నుదుటి మీద రూపాయి బిళ్ళంత గోధుమరంగు మచ్చ ఉంది. మచ్చ గుర్రాన్ని ఎక్కితే పెళ్ళికొడుక్కి మంచిది కాదని పెళ్ళివారు మొహం తిప్పుకుంటారు. అందుకని నూర్ మొహమ్మద్ తొమ్మిదేళ్ళుగా తెల్లపొడి కొబ్బరినూనెలో కలిపి రోజూ పొద్దున్నే దాని నుదుట పులుముతాడు. పెళ్ళి ఉన్నా లేకున్నా, పళ్ళు తోముకున్నట్టే. ఆ మచ్చ సంగతి అతనికీ, భార్య నజీమాకీ తప్ప పేటలో ఎవరికీ తెలీదు.

చాందినీని కొంటానన్నది చిలకలూరిపేటలో పెళ్ళి వేడుకలు చేయించే సాయి కిరణ్. గుర్రం నచ్చింది గాని కాగితాలు కావాలన్నాడు. గ్లాండర్స్ అనే జబ్బు లేదని రక్తపరీక్ష, ధనుర్వాతం సూది, ఫ్లూ సూది. "అవి లేకపోతే ఫంక్షన్ హాలు వాళ్ళు గేటు కూడా తియ్యటంలా భాయ్, రూల్సు మారినయ్" అన్నాడు ఫోన్లో. "ఈ సూదులన్నీ గుర్రానికా, పెళ్ళికొడుక్కా?" అని నూర్ మొహమ్మద్ వేళాకోళం చేశాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ జబ్బేమిటో నలుగుర్ని అడిగాడు. ముక్కు కారుద్ది, దగ్గు వచ్చిద్ది, తేలితే మాత్రం చంపెయ్యాల్సిందేనని ఒకాయన చెప్పాడు. నూర్ మొహమ్మద్‌కి దగ్గు అన్న మాటే చెవిలో నిలిచింది.

యేసుపాదం మోపెడ్ రోడ్డెక్కాక నజీమా వంటింటి గడపలోంచి బయటికి వచ్చింది. చేతులకింకా పిండి ఉంది.

"ఎవరి రక్తం ఇచ్చావయ్యా?"

"చూశావుగా."

"చూశాను గాబట్టే అడుగుతున్నా."

"చాందినీకి దగ్గుంది. పరీక్షలో తేలిందనుకో, చంపుతారంట. కాపాడుకోవద్దా దాన్ని?"

"కాపాడటానికా, అమ్మటానికా?"

అతను బక్కెట్ తీసుకుని కుళాయి వైపు నడిచాడు. నీళ్ళు నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టెయ్యడం చాలాసేపటి దాకా తోచలేదు.

*

పన్నెండో రోజు డాక్టరు హరిత స్వయంగా వచ్చింది. యేసుపాదం వెనకాలే. ఇద్దరి మొహాలకూ మాస్కులు, చేతులకు గ్లోవ్స్. గేటు బయటే ఆగిపోయారు.

"నూర్ మొహమ్మద్ గారూ, ఇట్లా బయటికి రండి. చాందినీ శాంపిల్ పాజిటివ్ వచ్చింది."

ఆ మాట విన్న క్షణంలో నూర్ మొహమ్మద్‌కి కలిగింది దుఃఖం కాదు. చూశావా, నేను అనుకున్నట్టే, దగ్గు ఊరికే రాదు, అన్న ఒక రకమైన గెలుపు. గుర్రాన్ని చెవితో, కంటితో, పేడ వాసనతో పట్టుకోవాలి గాని కాగితంతో కాదని తండ్రి నేర్పిన విద్య మళ్ళీ నెగ్గిందన్న తృప్తి. రెప్పపాటు. ఆ తర్వాత, గొట్టంలోకి పాకిన రక్తం ఏ మెడలోంచి వచ్చిందో గుర్తొచ్చింది. మెడ తిప్పి వాకిలి దగ్గరి గుల్ వైపు చూశాడు.

డాక్టరు చెబుతూనే ఉంది. మాటలు మెత్తగానే ఉన్నాయి. "ధనుర్వాతానికి టీకా ఉంది, ఫ్లూకి ఉంది. దీనికి లేదండీ. మందూ లేదు. మనుషులకు కూడా అంటుకునే జబ్బు. మీ ఇద్దరి రక్తం కూడా పరీక్ష చేయించాలి. ఎల్లుండి కలెక్టరాఫీసు నుంచి ఆర్డరు వస్తుంది. ఆ రోజు చాందినీకి... నొప్పి తెలియకుండా చేస్తాం. రెండోదాని రక్తం కూడా అదే రోజు తీస్తాం. కిట్లు రావాలి. అప్పటిదాకా రెండింటినీ దూరం దూరంగా కట్టెయ్యండి. రెండూ గేటు దాటకూడదు."

"రెండోదానిక్కూడా వచ్చి ఉంటదా మేడమ్?"

"చెప్పలేను. దగ్గేమన్నా ఉందా దానికి?"

"లేదు" అన్నాడు. గుల్ ఎన్నడూ దగ్గలేదు.

యేసుపాదం తల వంచుకుని నిలబడ్డాడు. పోయేముందు మాత్రం, "బాధపడమాక భాయ్. ముసలిదేగా, బాగానే బతికింది" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. ఆ మాట నూర్ మొహమ్మద్ లోపలికి దిగి, ఒక మూల సర్దుకుని కూర్చుంది.

*

చాందినీని దొడ్డి చివర వేపచెట్టు కిందికి మార్చాడు. కొట్టానికీ అక్కడికీ ముప్ఫై అడుగుల ఎడం. గుల్ వాకిలి దగ్గర తన చోటే ఉంది. పేటలో ఆ రోజు రెండు ఊరేగింపులు. రెండింటికీ రానని ఫోన్ చేశాడు. ఎందుకని అడిగితే, గుర్రం నలతగా ఉందన్నాడు. ఏ గుర్రం అని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం చాందినీ ఒకసారి దగ్గింది. మర్నాడు పొద్దున అసలు దగ్గలేదు.

నూర్ మొహమ్మద్ మొదట అది గమనించలేదు. చెవికి అలవాటైన చప్పుడు లేకపోతే ఏదో తక్కువైనట్టుంటుంది గాని, ఏం తక్కువైందో వెంటనే తెలియదు. పది గంటలప్పుడు తెలిసింది. చెట్టు దగ్గరికి వెళ్ళి చాందినీ గొంతు దగ్గర చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. గాలి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. అంతే. శనగపొట్టు బస్తాల వైపు తిరిగి చూశాడు. పైబస్తా మూతి ఊడి ఉంది. గాలి వీచినప్పుడల్లా పసుపు దుమ్ము సన్నగా లేచి, నిన్నటిదాకా చాందినీ నిలబడిన ఖాళీ చోట వాలుతోంది. చాందినీని అక్కడ కట్టింది తనే. గుల్ వచ్చిన రోజు, గాలి తగిలే చోటు దానికిచ్చి, పాతదాన్ని లోపలికి తోశాడు.

పొట్టు దుమ్ములే అన్నా. ఆ రోజు యేసుపాదంతో అతను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని అబద్ధమనుకుని చెప్పాడు.

తర్వాత గుల్ దగ్గరికి వెళ్ళాడు. దాని ఎడమ ముక్కుపుటం కింద తడి మెరుస్తోంది. భుజం మీది తువాలు తీసి తుడవబోయి, చెయ్యి గాల్లో ఆపాడు. ఈ పని తను రోజూ చేస్తున్నాడు. ఎన్నాళ్ళ నుంచి? సంక్రాంతికి ముందా, తర్వాతా? తువాలు విప్పి చూశాడు. అంచున ఎండి గట్టిపడిన పసుపు మరకలు. ఎన్నో ఉతుకుల కింది మరకలు. వెనక కాలి లోపలివైపు ఒక గడ్డ ఉంది. జోరీగ కుట్టి ఉంటుందనుకుని ఒకరోజు పసుపు రాశాడు. అన్నీ చూశాడు. చూసిన ప్రతిదానికీ ఒక చిన్న పేరు పెట్టి పక్కన పెట్టాడు. గుల్ ఒళ్ళు మెరుస్తోంది, గుల్ నడక బాగుంది, గుల్ దగ్గదు.

దాన్ని కొన్నది మొన్న కాక అటుమొన్నటి చలికాలం. పైదేశం నుంచి, అంటే ఉత్తరాది నుంచి, లారీలో గుర్రాలు దింపుకొచ్చిన వ్యాపారి దగ్గర. ఇద్దరి చేతుల మీదా రుమాలు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసుకునే పద్ధతి. నోరు మెదపరు, కాగితం అడగరు. కాగితం అడిగితే అవతలివాడి మాటను, తన కన్నును, రెండింటినీ అవమానించినట్టు. రుమాలు తీశాక ఆ వ్యాపారి, "మీ చూపు చూపండీ భాయ్, తక్కినవాళ్ళవి కళ్ళు కావు" అన్నాడు. ఆ పొగడ్త ఇంటిదాకా తియ్యగా ఉంది. తువాలు మరకల మీద చూపు నిలిపి ఆలోచిస్తుంటే ఇప్పుడు ఆ తీపి నోట్లో మరోలా తగిలింది. ఆ వ్యాపారికి తెలుసా? తెలిసే అమ్మాడా? లేక అతనూ తనలాగే ప్రతిదానికీ ఒక చిన్న పేరు పెట్టుకున్నాడా? తిట్టుకోవడానికైనా ఆ మనిషి మొహం గుర్తు రాలేదు. రుమాలు కింద తగిలిన వేళ్ళ వేడి మాత్రం గుర్తుంది.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ ఆలోచన వచ్చింది. వచ్చింది అనడం కూడా సరి కాదు. యేసుపాదం మాట సర్దుకుని కూర్చున్న మూలలోంచి లేచి నిలబడింది. కాగితం మీద జబ్బు చాందినీది. రేపు చాందినీని తీసుకుపోతారు. గుల్ రక్తం తియ్యడానికి వస్తారు. రెండూ తెల్లనివే, మచ్చల్లేనివే. ముందు చాందినీనే గుల్ అని చూపించి రక్తం తీయించి, తర్వాత మళ్ళీ దాన్నే చాందినీ అని తోలుకొచ్చి సూది వేయిస్తే... మరోసారి తల ఊపితే చాలు. చాందినీ రక్తం గుల్ పేరు మీద వెళ్తుంది. ముసలిది పోతుంది, వయసుది మిగులుతుంది. ముసలిదేగా, బాగానే బతికింది. కొట్టం నిలబడుతుంది.

"ఏంది, మెతుకు ముట్టలేదు?" అంది నజీమా.

అతను పళ్ళెం పక్కకు జరిపాడు. ఆమె ఎదురుగా కూర్చుంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో అతని మౌనాలు ఆమెకు వేరు వేరుగా తెలుసు.

"చెప్పమాక. నాకు తెలుసు, ఏం లెక్క వేస్తున్నావో. ఒకసారి కుదిరిందిగా, రెండోసారీ కుదిరిద్దని."

"గుల్ పోతే ఏముంది మనకు? దాని వయసెంత? చాందినీ ఇంకెన్నాళ్ళు?"

"డాక్టరమ్మ ఏమంది? మనుషులకీ వచ్చిద్దంది కదా."

"అంది."

నజీమా కుడిచెయ్యి పళ్ళెం పక్కన పెట్టి, వేలికి చుట్టిన గుడ్డ విప్పింది. మొన్న గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి తెగిన గాటు. అంచులు ఇంకా పచ్చిగా ఉన్నాయి.

"రోజూ బెల్లంముక్క ఈ చేతిలోంచే తినిద్ది గుల్. నిన్న కూడా తిన్నది. రేపు పెళ్ళి ఇంటికి తోలుకుపోతావు. చంటిపిల్లలు వచ్చి దాని మూతి నిమురుతారు. ఏం చెప్తావయ్యా వాళ్ళకి? వయసు గుర్రమని చెప్తావా?"

ఆమె గొంతు పెంచలేదు. గుడ్డ మళ్ళీ చుట్టుకుని, పళ్ళతో కొస పట్టి ముడి వేసుకుంది. నూర్ మొహమ్మద్ ఆ ముడి వైపే చూస్తూ కూర్చున్నాడు. ముడి వెయ్యడానికి చెయ్యి అందించాలన్న సంగతి కూడా ఆలస్యంగా తోచింది.

*

మర్నాడు తొమ్మిది గంటలకు జీపు వచ్చింది. డాక్టరు చేతిలో ఆర్డరు కాగితం. యేసుపాదం తెల్ల కోటు తొడుక్కుని డబ్బా దింపాడు.

"చాందినీని ఇటు తోలుకురా భాయ్."

నూర్ మొహమ్మద్ వేపచెట్టు దగ్గరికి నడిచాడు. తాడు విప్పలేదు. పక్కనే బక్కెట్లో తడిపి ఉంచిన గుడ్డ తీసి, సబ్బు రుద్ది, చాందినీ నుదుటి మీద గట్టిగా తుడిచాడు. తొమ్మిదేళ్ళ నూనె. ఒక పట్టాన వదల్లేదు. చాందినీ తల వెనక్కి లాక్కుంది. "ఉండవే తల్లీ" అంటూ మళ్ళీ తుడిచాడు. తెల్లనీళ్ళు దాని కళ్ళ మధ్యగా కారి ముక్కు మీదికి జారాయి. గోధుమరంగు మచ్చ బయటపడింది. అతనికే కొత్తగా కనిపించింది. దాని అంచులు గుండ్రం అనుకునేవాడు. కాదు, ఒకవైపు ఆకు కొసలాగా సాగి ఉంది.

"మేడమ్, చాందినీ ఇది. మచ్చ ఉంది. ఆ రోజు మీవాడు రక్తం తీసింది దీనికి కాదు, ఆ వాకిలి దగ్గర దానికి. ఆయన అడిగాడు, ఇదేనా అని. నేను తల ఊపా. ఆయన తప్పేం లేదు."

యేసుపాదం చేతిలో డబ్బా మూత చప్పుడు చేసింది. డాక్టరు ఆర్డరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది.

"ఇవాళ నా చేత ఏ గుర్రాన్ని చంపించబోయారో తెలుసా మీకు?"

"తెలుసు మేడమ్."

"దీన్ని పంపేసి, దాన్ని ఉంచుకుని, ఊళ్ళో తిప్పేవాళ్ళు."

"నిన్న మజ్జాన్నం దాకా అదే అనుకున్నా."

ఆ మాట చెప్పక్కర్లేదు. చెప్పాక తేలికవుతుందనుకున్నాడేమో, కాలేదు. డాక్టరు మొహం తిప్పుకుంది. "రాసివ్వండి. జరిగింది జరిగినట్టు. కేసు అవుతుందో లేదో నా చేతుల్లో లేదు" అంది. తర్వాత రెండు గుర్రాలకూ ఆమే స్వయంగా రక్తం తీసింది. యేసుపాదం కాగితం నింపాడు. చాందినీ కాగితం మీద అచ్చయి ఉన్న గుర్రం బొమ్మ నుదుట మచ్చ గుర్తు గీశాడు, ఆకు కొసతో సహా. డాక్టరు గుల్ ముక్కు చూసింది, కాలి గడ్డ చూసింది. ఆమె చూపు ఒకసారి అతని భుజం మీది తువాలు దాకా వచ్చి ఆగింది.

గేటు దాటేముందు ఆమె వెనక్కి తిరిగింది.

"ఆ పొట్టు తడిపి పెట్టండి ఇకనుంచి. దగ్గు రాదు."

యేసుపాదం వెళుతూ అతని వంక చూడలేదు. ఉలవల మీద వేళాకోళం ఆడిన మనిషి.

*

ఈసారి తొమ్మిది రోజులు పట్టింది. మొగుడూ పెళ్ళామూ కూడా ఆస్పత్రికి పోయి రక్తం ఇచ్చొచ్చారు. చాందినీకి లేదు. గుల్‌కి ఉంది. నజీమాకి లేదు, అతనికీ లేదు. ఆ చివరి రెండు మాటలు విన్నప్పుడు నజీమా నేల మీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తొమ్మిది రోజులూ ఆమె ఒక్కసారి కూడా భయపడినట్టు కనపడలేదు. అతను పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆమె భుజం కొద్దిగా, చాలా కొద్దిగా, జరిపింది.

సాయి కిరణ్ ఫోన్ చేశాడు. "విన్నా భాయ్. చాందినీది క్లీన్ అంటగా. అయినా వద్దులే. ఆ దొడ్లో గుర్రమంటే పార్టీలు భయపడతయ్. ఏమనుకోమాక."

"ఏమనుకోను."

నిజంగానే ఏమీ అనుకోలేదు. అమ్మడం తప్పిపోయినందుకు లోపల ఎక్కడో సంతోషం ఉందేమోనని వెతికాడు. ఉన్నా దాన్ని తాకే హక్కు తనకు లేదనిపించింది. చాందినీ ఇప్పుడు అతని చెయ్యి నుదుటి వైపు వస్తే తల పక్కకు తిప్పుకుంటోంది. సబ్బు మంట గుర్తుండి ఉంటుంది.

గుల్ కోసం కొట్టం వెనక బీడులో గొయ్యి తవ్వించారు. పొక్లెయినర్ వచ్చి గంటలో పోయింది. మట్టికుప్ప పక్కన సున్నం బస్తాలు. గుల్‌ని అక్కడిదాకా నడిపించాలి. వేరే ఎవరు తాడు పట్టుకున్నా అది అడుగు వెయ్యదు. నూర్ మొహమ్మద్‌కి కూడా కోటు, గ్లోవ్స్, మాస్కు ఇచ్చారు. ఆ వేషంలో అతన్ని గుర్తుపట్టక గుల్ బెదిరి వెనక్కి తగ్గింది. మాస్కు వెనక నుంచే నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేశాడు, ఊరేగింపు కదిలేటప్పుడు చేసే చప్పుడు. గుల్ చెవులు నిక్కాయి. ముందరి కాళ్ళు పైకెత్తి, నేల మీద పెట్టి, మళ్ళీ పైకెత్తి, పెళ్ళి నడక మొదలెట్టింది. బ్యాండు లేదు. ఎండలో దాని ఒళ్ళు ఎప్పటిలాగే మెరిసింది.

గొయ్యి దగ్గర డాక్టరు సూదులు సర్దుకుంటోంది. యేసుపాదం చేతిలో కాగితం. అతను ఆ రోజు నుంచీ నూర్ మొహమ్మద్‌తో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడక తప్పదు. కాగితం చూసి, గుర్రాన్ని చూసి, కాగితంలోకే చూస్తూ అడిగాడు.

"ఇదేనా?"

నూర్ మొహమ్మద్ మెడ దానంతటదే కదలబోయింది. కదలబోతోందని అతనికి తెలిసింది. ఆపుకున్నాడు. మాస్కు కిందికి లాగాడు.

"గుల్. దీని పేరు గుల్. ఐదేళ్ళది. ఒంటి మీద మచ్చల్లేవు. రెండేళ్ళ కింద కాగితం అడక్కుండా కొన్నా."

యేసుపాదం తలెత్తాడు. చాలా రోజుల తర్వాత అతని కళ్ళలోకి చూశాడు.

"అదంతా ఇందులో ఉందిలే భాయ్. మాస్కు పెట్టుకో. తల ఊపితే చాలు."

"చాలదన్నా" అన్నాడు నూర్ మొహమ్మద్.

తాడు మాత్రం అతను వదల్లేదు. గుల్ మోకాళ్ళు మడిచి మెల్లగా పక్కకు ఒరిగేదాకా, తాడు బరువెక్కి అతన్ని కూడా నేల మీదికి వంచేదాకా పట్టుకునే ఉన్నాడు.